ఆల్బన్ కుడిభుజం

కేంబ్రిడ్జి,
24 ఏప్రిల్ 1932

హిల్డక్కకి,

నువ్వు పంపిన అల్లం కేకు చేరింది. సగం నేను తిన్నాను, మిగతా సగం పక్కగదివాళ్ళు నన్ను అడక్కుండానే ముగించారు. ఇక్కడ వాన ఆగడం లేదు. వారం మొత్తానికి మైదానంలో దిగింది రెండుసార్లే. మిగతా సమయమంతా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. నిన్న కింద గదాయన పైకొచ్చి, "ఏమండీ, గదిలో గుర్రాన్నేమైనా పెంచుతున్నారా?" అని అడిగాడు. క్షమించమన్నాను. ఆయన మెట్లు దిగాడో లేదో మళ్ళీ తిరగడం మొదలుపెట్టాను.

నా చదువుకి ఇది మూడో ఏడు, ఆఖరిది. యూనివర్సిటీ జట్టు లేత నీలం టోపీ ఈ వేసవిలో నెత్తికెక్కకపోతే ఇక జన్మలో ఎక్కదు. పుస్తకం తెరిస్తే పేజీలో లెక్కలు కాకుండా పిచ్ కనిపిస్తోంది. కొత్త కెప్టెన్ పేరు ఫాన్‌షా. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట మెత్తన. మొన్న నన్ను పక్కకి పిలిచాడు.

"హోల్‌రాయిడ్, నిన్ను ఏమని రాసుకోను? బ్యాటింగా, బౌలింగా?"

"రెండూ."

"రెండూ అనేవాళ్ళు నా దగ్గర ఇప్పటికే ఏడుగురున్నారు. ఒకటి చెప్పు."

"సరే, బ్యాటింగ్ అని రాసుకో," అన్నాను.

ఎందుకలా అన్నానో ఉత్తరంలో చెప్పడం కుదరదు. ఆగస్టులో వచ్చినప్పుడు చెప్తాను. ఈ ముక్క మాత్రం నాన్నకి చదివి వినిపించకు.

మీ మిల్లు జట్టు మంగళవారం ఆటలు మొదలయ్యాయా? మీ సూపర్‌వైజర్ ఇంకా సణుగుతూనే ఉన్నాడా?

కాళ్ళు నిలవని నీ తమ్ముడు,
ఆల్బన్


క్రాగ్‌ఫోర్డ్,
1 మే 1932

ఒరేయ్ ఆల్బన్,

నాన్నకి చదవొద్దన్న ముక్క చదివేశాక కదరా, చదవొద్దని రాశావు! ఆయనకి దగ్గరి అక్షరాలు ఆనవని, నీ ఉత్తరం రాగానే కుర్చీ లాక్కుని కూర్చుంటాడని, నేను కవరు చించుతూనే గట్టిగా చదవడం మొదలుపెడతానని నీకు తెలియదా?

నాన్న టీ కప్పు కింద పెట్టి, "బ్యాటింగా?" అన్నాడు. తర్వాత, "బంతి పట్టుకోవడం వాడికి నేను నేర్పాను. బ్యాట్ పట్టుకోవడం వాడే నేర్చుకున్నాడు. రెంట్లో ఏది వదిలేశాడో చూశావా?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు మన ఊరి క్లబ్బుకి బౌలింగ్ చేసిన మనిషి. ఇప్పుడు అంపైర్‌గా నిలబడినా బౌలర్ పరిగెత్తుకొస్తుంటే ఆయన భుజం కూడా కదులుతుంది. ఆయన దృష్టిలో బ్యాటింగ్ సరదా, బౌలింగ్ పని. అది నాకంటే నీకే బాగా తెలుసు. ఏదో సర్దిచెప్పాను. అసలు సంగతేమిటో నాకైనా రాయి.

నా విషయానికొస్తే, మంగళవారం రంగుల మిల్లు ఆడవాళ్ళతో ఆడాం. ఆరు వికెట్లు తీశాను. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా బట్టలో పోయిన పోగులు వెతికి కుట్టే కళ్ళు కదా, బంతి ఎక్కడ పడాలో బాగానే కనిపిస్తుంది. నాన్న నీకు పెరట్లో నేర్పుతుంటే గోడ పక్కన నిలబడి బంతులు అందించినదాన్ని. నాకెవరూ నేర్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. సూపర్‌వైజర్ మాత్రం, "హోల్‌రాయిడ్ పిల్ల మొగాడిలా పరిగెడుతుంది," అన్నాట్ట. "మీకంటే వేగంగా అని చెప్పండి," అని కబురు పంపాను.

తిండి సరిగా తిను. చలిలో తిరక్కు.

మీ హిల్డా


కేంబ్రిడ్జి,
18 మే 1932

అక్కా,

డెబ్బై ఒకటి! ఒక కౌంటీ జట్టు మీద, అదీ తడి పిచ్ మీద! నూటికి చేరేవాణ్ణే, తొందరపడ్డాను. ఈ తొందర ఎక్కణ్ణుంచి పట్టుకుందో తెలియదు. క్రీజులో ఉన్నంతసేపూ ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టే ఉంటోంది.

ఆదివారం ఫాన్‌షా వాళ్ళమ్మగారు ఊరొచ్చి టీకి పిలిచారు. బల్లమీద ఒక్కొక్కరి ముందు మూడేసి చెంచాలున్నాయి. ఆవిడ ఏది తీస్తే నేనూ అదే తీశాను. "మీ నాన్నగారు కూడా ఆడతారటగా?" అని అడిగారు. "ఇరవై రెండేళ్ళు బౌలింగ్ చేశారండీ," అన్నాను. "అబ్బ, ఎంత ఒళ్ళు హూనమయ్యే పనో!" అన్నారు, నిజంగానే జాలిపడుతూ. నాకు నవ్వాలో కోపగించుకోవాలో తెలియలేదు. కేకు తిన్నాను.

బౌలింగ్ గురించి మళ్ళీ అడిగావు. ఇక్కడ నన్నెవరూ వెయ్యమనడం లేదు. ఆలోచిస్తే అదే మంచిదేమో కూడా. ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్. పరీక్షలు దగ్గరికొచ్చాయి. చదవాలని కూర్చుంటాను, అరగంటలో లేచిపోయి నది ఒడ్డున ఉంటాను.

హడావిడిలో,
ఆల్బన్


క్రాగ్‌ఫోర్డ్,
26 మే 1932

ఆల్బన్,

నీ డెబ్బై ఒకటి పేపర్లో చూశాం. క్లబ్బు కెప్టెన్ సేథ్ మర్గట్రాయిడ్ శనివారం మైదానంలో అందరికీ వినబడేలా చదివాడు. బ్యాటింగ్ సంగతి చదివి, కళ్ళజోడు సవరించుకుని, "హోల్‌రాయిడ్ బౌలింగ్ చేయలేదు," అని అది కూడా చదివాడు. "ఎలా చేస్తాడులే, అక్కడ తెల్లప్యాంటు మాసిపోదూ!" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న వికెట్ల దగ్గర అంపైర్ కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. ఇంటిదాకా నడిచొచ్చాం, అప్పుడూ అనలేదు. భోజనం దగ్గరా అనలేదు.

నువ్వు రాసిన "అదే మంచిదేమో" అన్న మాట నేనాయనకి చదవలేదు. నీ ఉత్తరాల్లో ఒక వాక్యం మింగి చదవడం నాకిదే మొదటిసారి.

ఏమిట్రా మంచిది? మూడు చెంచాల బల్ల దగ్గర కూర్చున్నాక బంతి తుడుచుకోవడం నామోషీ అయిందా? పనివాళ్ళు బౌలింగ్ చెయ్యాలి, దొరలు బ్యాట్ ఊపాలి, అంతేనా? అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. ఆ ఏడాదంతా నువ్వు ఎవరితోనూ మాట్లాడకపోతే నాన్న నిన్ను పెరట్లోకి తీసుకెళ్ళి బంతి చేతిలో పెట్టాడు. దాంతోనే కదా నీకు మళ్ళీ మాట వచ్చింది! అది ఇచ్చేసి వచ్చావా వాళ్ళకి?

లార్డ్స్ మైదానంలో రెండు యూనివర్సిటీల పెద్ద ఆటకి నిన్ను తీసుకుంటే, అక్కడ కూడా స్లిప్‌లో చేతులు కట్టుకుని నిలబడితే, ఆగస్టులో ఇంటికి రానవసరం లేదు. నేను ఊరికే అనడం లేదు.

హిల్డా


కేంబ్రిడ్జి,
20 జూన్ 1932

అక్కా,

టోపీ వచ్చింది. పెద్ద ఆటలో నేనున్నాను. బ్యాట్స్‌మన్‌గానే తీసుకున్నానని ఫాన్‌షా చెప్పాడు. బౌలింగ్ కూడా చేస్తానని నేను చెప్పాను. ఇప్పుడు నీకు తృప్తేనా?

ఆల్బన్


క్రాగ్‌ఫోర్డ్,
8 జూలై 1932

నా బంగారు తమ్ముడికి,

ఇరవై ఆరు ఓవర్లు! అయిదు వికెట్లు! వాటి పైన బ్యాట్‌తో ముప్ఫై ఎనిమిది పరుగులు!

పేపరు వచ్చేసరికి నేను మిల్లులో ఉన్నాను. నాన్న పేపరు పట్టుకుని మిల్లు గేటు దగ్గరికే వచ్చేశాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాట్ట, నన్ను అక్కడే నిలబెట్టి చదివించాడు. ఇరవై ఆరు అనగానే "మళ్ళీ చదువు," అన్నాడు. మళ్ళీ చదివాను. "మధ్యలో ఆపకుండా పదమూడు వేసుంటాడు, ఆ చివరనుంచి. గాలి అటేగా," అన్నాడు. చూసినట్టే చెప్పాడు! సేథ్ మర్గట్రాయిడ్ ఎదురొస్తే టోపీ తీసి మరీ పలకరించాడు. ఆయన అలా నవ్వడం ఎన్నేళ్ళయిందో!

నీకు కాస్త గట్టిగానే రాశాను. కానీ చూడు, పనిచేసింది కదా! నీలో ఉన్నది ఎక్కడికీ పోలేదు, కొంచెం కదపాల్సొచ్చింది, అంతే.

ఇంకో సంగతి. నాకు కబురొచ్చింది. యార్క్‌షైర్ ఆడవాళ్ళ జట్టుకి ఎంపిక ఆటలు, ఆగస్టు ఇరవైన. మొదట వెళ్ళకూడదనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ మిల్లు మనిషిని, అక్కడికొచ్చేది టీచర్లూ డాక్టర్ల కూతుళ్ళూ. నీ ఇరవై ఆరు ఓవర్లు చూశాక నాకూ పౌరుషం వచ్చింది. వెళ్తాను.

ఆట అయి మూడు రోజులైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గొప్పవాడివైపోయావు, తీరిక ఎక్కడిది! ఎప్పుడొస్తున్నావు?

గర్వంతో తల తిరుగుతున్న
హిల్డా


లండన్,
19 జూలై 1932

అక్కా,

అక్షరాలు చూసి కంగారుపడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. ఇది నా నాలుగో ప్రయత్నం. దీన్ని నువ్వొక్కదానివే, పైకి చదవకుండా చదువుకో.

మార్చి మొదట్లో నెట్స్‌లో బౌలింగ్ చేస్తుంటే కుడిభుజం లోపల ఏదో పుటుక్కుమంది. ఇక్కడ ఒక డాక్టర్ చూసి, ఏడాది పాటు బంతి వెయ్యొద్దన్నాడు. వేస్తే చెయ్యి మిగలదని కూడా చెప్పాడు. బ్యాటింగ్‌కి ఇబ్బంది లేదు, మోచెయ్యి కిందకే ఉంచి ఆడొచ్చు. ఈ సంగతి తెలిస్తే టోపీ రాదని ఎవరికీ చెప్పలేదు. నాన్నకి చెప్పాలంటే నోరు రాలేదు. నీకు చెబితే ఆయనకి చెప్పినట్టే. ఏడాది గడిస్తే చెయ్యి బాగవుతుంది, ఎవరికీ తెలియకుండానే అయిపోతుంది అనుకున్నాను.

నీ మే నెల ఉత్తరం వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకునే మైదానంలోకి దిగాను.

మొదటి ఆరు ఓవర్లు ఫరవాలేదు. పదో ఓవర్‌కి వేళ్ళలో తిమ్మిరి మొదలైంది. ఫాన్‌షా దగ్గరికొచ్చి, "నీ మొహం సున్నంలా ఉంది, చాలించు," అన్నాడు. "వికెట్లు పడుతున్నాయిగా, నీకేం పోయింది?" అన్నాను. టీ దగ్గర కప్పు ఎత్తలేకపోయాను. చూసి, ఈసారి గట్టిగానే అన్నాడు: "నేను కెప్టెన్ని. ఆపమంటున్నాను." నేనతన్ని బతిమాలాను అక్కా. నా జన్మలో ఎవర్నీ అలా బతిమాలలేదు. నాలుగో వికెట్, అయిదో వికెట్ ఎలా పడ్డాయో నాకు గుర్తులేదు. చివరి ఓవర్లో బంతి చేతిలోంచి వదిలానో లేదో కూడా తెలియలేదు, అవతల ఎవరో అరిస్తే వదిలాననుకున్నాను.

మర్నాడు చొక్కా తొడుక్కోలేకపోయాను. ఫాన్‌షానే ఇక్కడికి తీసుకొచ్చి చూపించాడు. భుజం కంటే పైకి ఈ చెయ్యి ఇక లేవదట. ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు.

వెయ్యమని ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నా ఇష్టంతోనే వేశాను. అయినా "పనిచేసింది కదా" అని నువ్వు రాసింది చదివి ఆ కాగితం నలిపి పారేశాను. తర్వాత వెళ్ళి ఏరుకొచ్చుకున్నాను.

ఆల్బన్


క్రాగ్‌ఫోర్డ్,
23 జూలై 1932

ఆల్బన్,

కవరు మీద చేతిరాత ఎవరిదో గుర్తుపట్టలేదురా. ఎవరో మిత్రుడు అభినందిస్తూ రాశాడనుకుని నాన్న ముందే విప్పాను. "ఎడమచేత్తో రాస్తున్నాను" దాకా పైకే చదివాను. ఆగిపోతే, "చదువు," అన్నాడు. వద్దన్నాను. "నేను వాడి తండ్రిని. చదువు," అన్నాడు. మొత్తం చదివించాడు. నా మే నెల ఉత్తరం సంగతి కూడా. అందులో ఏం రాశానో అడిగాడు, చెప్పాను.

లేచి బయటికి వెళ్ళాడు. చీకటిపడే వేళకి వచ్చాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. "నేను నోరు మూసుకుని ఉన్నాను. నువ్వు నోరు పారేసుకున్నావు. ఇద్దరం కలిసి వాడిచేత వేయించాం," అన్నాడు. అంతే. మర్నాడు క్లబ్బుకెళ్ళి అంపైర్ కోటు ఇచ్చేసి వచ్చాడు.

నీ చెయ్యి తిన్నదాన్ని నేను. ఎంపిక ఆటలకి వెళ్ళను. మంగళవారం జట్టులోంచి కూడా మానేశాను. ఇంటికి రారా. చెంచాతో తినిపిస్తాను, చొక్కా తొడుగుతాను.

హిల్డా


లండన్,
27 జూలై 1932

అక్కా,

నాకు ఆరేళ్ళు కాదు, చెంచాతో తినిపించడానికి.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. రోజుకి రెండుసార్లు వస్తుంది, పోతుంది. కానీ నువ్వు ఆడకుండా ఇంట్లో కూర్చుంటే నా భుజం అతుక్కుంటుందా? నా చేతిని నీ భయానికి సాకుగా వాడుకోకు. ఇరవయ్యో తేదీన వెళ్ళు. నాన్నని వెంట తీసుకెళ్ళు. వెళ్ళకపోతే మాత్రం నిన్ను నిజంగానే క్షమించను.

నేను ఇంటికి రావడం లేదు. తూర్పు తీరంలో మార్ష్‌బీ అనే ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం దొరికింది, సెప్టెంబరులో చేరాలి. మన మైదానం చుట్టూ నిలబడి నాకేసి జాలిగా చూసేవాళ్ళని ఇప్పట్లో భరించలేను. మీ ఇద్దరినీ కూడా.

ఆల్బన్


క్రాగ్‌ఫోర్డ్,
3 జూలై 1933

ఆల్బన్,

క్రిస్మస్‌కి ఒక కార్డు, ఈస్టర్‌కి ఒక కార్డు. ఏడాది మొత్తానికి నీ నుంచి వచ్చిన మాటలు పంతొమ్మిది. బాగున్నాను, బడి బాగుంది, గాలి ఎక్కువ. ఇంతే. మేము రాసిన పొడుగాటి ఉత్తరాలు నువ్వు చదువుతున్నావో, పొయ్యిలో వేస్తున్నావో తెలియడం లేదు.

నిరుడు ఎంపికకి వెళ్ళానని, రిజర్వుల్లో పెట్టారని రాశాను. ఇప్పుడు జట్టులోకే తీసుకున్నారు. జూలై పదిహేను, శనివారం, లాంకషైర్ మీద. మొదటి ఓవర్ నాదేనంది కెప్టెన్. ఈ ఏడాదంతా నాన్న పెరట్లో నాకు నేర్పాడు. నమ్ముతావా? పదిహేనేళ్ళ కిందట నీకు చెప్పిన మాటలే నాకు చెప్తాడు. ఒక్కోసారి పొరపాటున "ఆల్బన్" అని పిలుస్తాడు. ఇద్దరం విననట్టే ఊరుకుంటాం.

ఆయన శనివారం వస్తున్నాడు. నువ్వు కూడా రా. రైలు నీకు అక్కణ్ణుంచి తిన్నగానే ఉంది. ఏమీ మాట్లాడక్కర్లేదు, బౌండరీ బయట ఒక కుర్చీలో కూర్చుంటే చాలు. నువ్వు రాకపోతే మాత్రం, నన్ను క్షమించలేదనే అనుకుంటాను. అలా అనుకునే బతుకుతాను. నిన్ను నిందించను.

హిల్డా


మార్ష్‌బీ,
9 జూలై 1933

హిల్డక్కకి,

శనివారం రాలేను. కాగితం చించెయ్యకుండా ఈ కిందది కూడా చదువు. పైకే చదువు, నాన్న కూడా వినాలి.

నీ ఉత్తరాలన్నీ చదివాను. జవాబు రాయడానికి కూర్చుంటే కోపం గురించి రాయాలో, కోపం తగ్గిపోవడం గురించి రాయాలో తెలిసేది కాదు. కోపం ఎప్పుడు పోయిందో నిజంగా తెలియదు. ఫిబ్రవరిలో ఒకరోజు వెతికితే కనబడలేదు.

అక్టోబరులో బడి వెనక కొట్టంలో గోడకేసి బంతి విసరడం మొదలుపెట్టాను, ఎడమచేత్తో. ఊరికే కూర్చోలేక. మొదటి నెల ఆ గోడకి తగిలినవే తక్కువ. పాలు పిండే ఆవిడ కిటికీలోంచి తల పెట్టి, "పంతులుగారూ, ఎలకల్ని కొడుతున్నారా?" అని అడిగింది. నాన్న నేర్పిన వేగం ఈ చేతికి రాదు. మెల్లగా వేస్తాను, వేళ్ళతో తిప్పుతాను. చలికాలమంతా తిప్పాను. చేతిరాత కూడా చూడు, ఎంత కుదురుకుందో.

ఈ ఊరి జట్టుకి కెప్టెన్ కమ్మరి జేబెజ్ థర్లో. నన్ను ఎనిమిదో నంబరులో బ్యాటింగ్‌కి పంపేవాడు. నిన్న మా బౌలర్‌కి తేనెటీగ కుట్టింది. "ఎవరైనా వేస్తారా?" అని జేబెజ్ అడిగాడు. నా చెయ్యి లేచింది, ఎడమది. "నీదా?" అన్నాడు. "ఇదొక్కటే ఉంది," అన్నాను.

మూడు ఓవర్లు వేశాను. ఇరవై ఏడు పరుగులిచ్చాను. ఒక బంతి పందుల కొట్టంలో పడింది, తీసుకురావడానికి ముగ్గురు వెళ్ళాల్సొచ్చింది. ఇంకొకటి నా కాలి మీదే పడింది. వికెట్ ఒక్కటీ రాలేదు. కానీ చివరి ఓవర్లో ఒక బంతి, ఒకే ఒక్కటి, గాలిలో కాస్త ఆగి, దిగి, నేలమీద పడి తిరిగింది. బ్యాట్స్‌మన్ దాన్ని అసలు తాకలేదు. వికెట్ కీపర్ కూడా తాకలేదు, నాలుగు పరుగులు పోయాయి. జేబెజ్ నా దగ్గరికొచ్చి, "అలాంటివి ఇంకా వస్తాయా?" అన్నాడు. "తెలియదు," అన్నాను. "సరే అయితే, కనుక్కుందాం," అన్నాడు.

నిన్న సాయంత్రం గదికొచ్చాక గోడ నుంచి గోడకి తిరుగుతూనే ఉన్నాను. ఇంటావిడ కింద చీపురుకర్రతో కొట్టింది. ఏడాది దాటాక ఇదే మొదటిసారి అక్కా, అలా తిరిగింది.

నీ మొదటి బంతి ఎక్కడ పడిందో, ఎటు తిరిగిందో నాన్నచేత చెప్పించి రాయి. అక్షరాలు ఆనకపోయినా బంతి ఆయనకి కనిపిస్తుంది. నాకు రావాలనే ఉంది. కానీ శనివారం పక్క ఊరితో మాకూ ఆట ఉంది. జేబెజ్ మొదటి ఓవర్ నాకిచ్చాడు.

నీ తమ్ముడు,
ఆల్బన్